రెండు గ్రాఫిక్స్ కార్డులు, నాలుగు మానిటర్లు: ఏది రాకపోయినా ఈ వరుసలోనే చూడండి

"అన్నా, రెండో కార్డు పెట్టిన. గానీ మూడో మానిటర్ వస్తలేదు. కార్డు ఖరాబైనట్టేనా?"

హన్మకొండలో సిస్టమ్‌ల పని కాస్త తెలిసినోడికి ఈ ఫోన్ తప్పదు. ఒకసారి పెళ్లి ఆల్బమ్‌లు చేసే నయీంనగర్ స్టూడియో తమ్ముడు చేస్తాడు. ఇంకోసారి ఫ్లెక్సీ డిజైనర్, మరోసారి పొద్దున తొమ్మిదింటికల్లా షేర్ల చార్టులు తెరుచుకుని కూర్చునే కాజీపేట సారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. నా దగ్గరికి వచ్చినవాటిలో నిజంగా కార్డు పోయినవి చాలా తక్కువ. రెండు కార్డులు, నాలుగు కేబుళ్లు, రెండు కన్వర్టర్లు, కొత్త డ్రైవర్ (కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) అన్నీ ఒకే సాయంత్రం బిగించేసి, రాకపోయేసరికి మళ్లీ అన్నీ ఒకేసారి మార్చేయడం దగ్గరే పని చెడుతుంది. అట్లా చేస్తే వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. కింద ఉన్నదంతా ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

1. స్క్రూ డ్రైవర్ కంటే ముందు కాయితం

సిస్టమ్ వెనక్కి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు గీయండి. ఏ కార్డు, దానికి ఎన్ని పోర్టులు, ఏ పోర్టు నుంచి ఏ కేబుల్, మధ్యలో కన్వర్టర్ ఉందా, చివర ఏ మానిటర్. మానిటర్లకు ఎడమ నుంచి కుడికి అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టండి. అంకెలు పెట్టొద్దు. విండోస్ తన ఇష్టమొచ్చిన అంకెలు తను పెట్టుకుంటుంది, రెండూ కలిసి తికమక అవుతుంది.

కాయితం మీద ఇవి ఉండాలి:

☐ రెండు కార్డుల పూర్తి పేరు, మోడల్ నంబర్‌తో సహా
☐ ప్రాసెసర్ పేరు, చివరి అక్షరంతో సహా
☐ మదర్‌బోర్డు మోడల్
☐ ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) స్టిక్కర్ మీద 12 వోల్టుల వరుసలో రాసిన ఆంపియర్లు
☐ ఒక్కో మానిటర్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు
☐ విండోస్ 10నా, 11నా

ఈ కాయితం గీస్తుండగానే సమస్య దొరికిపోయినవాళ్లున్నారు. స్టూడియో తమ్ముడు ఒకాయన మూడో మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐలో పెట్టి, రెండో కార్డును తిట్టుకుంటూ రెండు రోజులు కూర్చున్నాడు. ఆయన ప్రాసెసర్ ఐ5-12400ఎఫ్. చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి బోర్డు మీద ఆ పోర్టు ఉన్నా దాంట్లోంచి బొమ్మ రాదు.

2. రెండో కార్డు అసలు కావాలా?

ఇది అడిగితే చాలామందికి కోపం వస్తుంది. అయినా అడుగుతా.

ఆర్‌టీఎక్స్ 4060 లాంటి కార్డుకు సాధారణంగా మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. ఒక్క కార్డుతోనే నాలుగు మానిటర్లు నడుస్తాయి. మీ దగ్గర రెండో కార్డు ఉండడానికి కారణం "హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది" అన్నదే అయితే, డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కేబుళ్లు కొనుక్కోవడం చౌక, తలనొప్పీ తక్కువ.

ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే అదే మీ రెండో కార్డు అనుకోండి. ధరల పట్టికకో వాట్సాప్‌కో పెట్టుకునే మానిటర్‌కు అది చాలు. నిజంగా రెండో కార్డు కావాల్సింది నాలుగు దాటినప్పుడు, లేదంటే మొదటి కార్డుకు పోర్టులు తక్కువగా ఉండి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేనప్పుడు.

పోర్టులు లెక్కపెట్టి సరిపెట్టుకోవద్దు. ఒకేసారి ఎన్ని మానిటర్లు నడపగలదన్నది కార్డు చిప్‌ను బట్టి ఉంటుంది. జీటీ 1030 రెండింటికి మించి నడపదు. ఇప్పటి జీఫోర్స్ కార్డులు నాలుగు దగ్గర ఆగుతాయి. చీల్చే స్ప్లిటర్ పెట్టి లెక్క పెంచుదామనుకుంటే ఒకే బొమ్మ రెండు చోట్ల కనిపిస్తుంది తప్ప వేర్వేరు తెరలు రావు.

ఇంకో మాట: రెండు కార్డులను కలిపే ఎస్‌ఎల్‌ఐ, క్రాస్‌ఫైర్‌కూ ఎక్కువ మానిటర్లు పెట్టుకోవడానికీ సంబంధం లేదు. పాత సిస్టమ్‌లో ఎస్‌ఎల్‌ఐ ఆన్ చేసి ఉంటే రెండో కార్డు పోర్టులు పనిచేయకపోవచ్చు కూడా. ఆఫ్ చేసి, పైన బ్రిడ్జి ఉంటే పీకి పక్కన పెట్టండి.

3. రెండు కార్డులకూ ఒకే డ్రైవర్ ఉందా? ఎక్కువమంది పడే గుంత ఇదే

ఇంట్లో మూలన పడున్న పాత కార్డుకు కొత్త కార్డును జత చేసేటప్పుడు ఎవరూ చూసుకోనిది ఇది. ఒకే కంపెనీ కార్డులు రెండు పెడితే, ఆ రెండూ ఒకే డ్రైవర్ వెర్షన్ మీద నడవాలి. ఒకదానికి పాత డ్రైవర్, రెండోదానికి కొత్త డ్రైవర్ అని విడివిడిగా వేసి నడిపించడం నమ్ముకోదగ్గ దారి కాదు. ఒకటి వేస్తే ఇంకోటి పడిపోతుంది.

మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువ తిరిగే జీటీ 710నే తీసుకోండి. అది కెప్లర్ తరం చిప్. ఆ తరానికి ఎన్విడియా 470 వరుస డ్రైవర్లతో ఆపేసింది, 2021 నాటి మాట. ఆర్‌టీఎక్స్ 4060 వచ్చింది 2023లో. 470 డ్రైవర్‌కు 4060 అంటే ఎవరో తెలియదు. 4060 డ్రైవర్ 710ను గుర్తుపట్టదు. ఈ రెంటినీ ఒకే విండోస్‌లో కాపురం పెట్టించాలని చూస్తే ఒక కార్డు మామూలుగా, రెండోది "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" పేరుతో కూర్చుంటాయి. కార్డు మంచిదే. జోడీ కుదరలేదు.

జీటీ 730 ఇంకా చిక్కు. ఆ ఒక్క పేరుతో కెప్లర్ చిప్‌వీ ఉన్నాయి, అంతకంటే పాత ఫెర్మీ చిప్‌వీ ఉన్నాయి. ఫెర్మీకి డ్రైవర్లు 391 దగ్గరే ఆగిపోయాయి. డబ్బా చూస్తే తెలియదు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే చిప్ పేరు చూపిస్తుంది: జీకేతో మొదలైతే కెప్లర్, జీఎఫ్‌తో మొదలైతే ఫెర్మీ.

ఏ జోడీ కుదురుతుంది?

☐ జీటీఎక్స్ 1650, ఆ తర్వాతి తరాల కార్డులు ఏ రెండైనా: కుదురుతుంది
☐ జీటీఎక్స్ 750 టీఐ, 900, 1000 వరుసలు, జీటీ 1030: కొత్త కార్డుతో కలిపితే 580 వరుస డ్రైవర్ దగ్గర ఆగాలి. వీటికి అదే చివరి వరుస. ఆ పై డ్రైవర్ వేస్తే పాతది పడిపోతుంది
☐ జీటీ 710, కెప్లర్ జీటీ 730: కొత్త ఎన్విడియా కార్డుతో పెట్టొద్దు
☐ ఒకటి ఎన్విడియా, ఒకటి ఏఎండీ: విండోస్ 10, 11లో నడుస్తుంది. ఎవరి డ్రైవర్ వాళ్లదే
☐ ప్రాసెసర్ గ్రాఫిక్స్, ఒక కార్డు: అన్నింటికంటే తక్కువ గొడవ
☐ పాత ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7000, ఆర్7, ఆర్9 కార్డులు: వీటికీ కొత్త డ్రైవర్లు 2021లోనే ఆగాయి. కొత్త రేడియాన్‌తో జత కట్టవద్దు

కార్డు కొనకముందే ఈ భాగం చదివినవాళ్లకు మిగతా వ్యాసంలో సగం అవసరం రాదు.

4. కరెంటు

కార్డు బయటి నుంచి వేరే వైరు తీసుకోకపోతే, స్లాట్ నుంచి దొరికేది 75 వాట్లు. ఆరు పిన్నుల వైరు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150. హార్డ్ డిస్కులకు పెట్టే సాటా పవర్ పిన్ను 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లే. అందుకే సాటా నుంచి ఆరు పిన్నులకో ఎనిమిది పిన్నులకో మార్చే కన్వర్టర్ పెట్టొద్దు. ప్లాస్టిక్ కరిగిన వాసన వచ్చాక తెలుసుకునే పాఠం అది.

కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని పట్టించుకోకుండా 12 వోల్టుల దగ్గర ఆంపియర్లు చదివి, 12తో గుణించండి. 18 ఆంపియర్లు ఉంటే 216 వాట్లు. కార్డులు, ప్రాసెసర్ పంచుకోవాల్సింది ఆ 216నే. రెండో కార్డు పెట్టాక గేమ్ తెరవగానే, రెండర్ నొక్కగానే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయితే డ్రైవర్ జోలికి వెళ్లకముందు ఇది చూడండి.

మానిటర్లు, సీపీయూ అన్నీ ఒకే స్విచ్ బోర్డు నుంచి, మూడు పిన్నుల ప్లగ్గుతో, ఎర్తింగ్ ఉన్న సాకెట్ నుంచే తీసుకోండి. కేబినెట్‌ను ముట్టుకుంటే చిమచిమలాడుతోందంటే ఎర్త్ లేదని అర్థం. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి కూడా ఇట్లా అవుతుంది, బకెట్ నీళ్లు పోసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎర్త్ సరిగా లేని చోట సిస్టమ్ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ పెడితే ఆ పోర్టే కాలిపోవచ్చు. కేబుళ్లు పెట్టడం, తీయడం అంతా ప్లగ్గు పీకేశాకే.

మామూలు 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు. నాలుగు మానిటర్లూ దానికే తగిలిస్తే కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ కూడా కీ అని ఆగిపోతుంది. సీపీయూ, ఒక మానిటర్ యూపీఎస్ మీద పెట్టి మిగతావి బయట పెట్టండి.

5. కార్డు కూర్చోబెట్టడం

రెండో పొడుగు స్లాట్ పైదానిలాగే కనిపిస్తుంది గానీ, మామూలు బోర్డుల్లో లోపల నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉంటాయి. అదనపు మానిటర్లకు ఆ నాలుగు చాలు, దిగులక్కర్లేదు. చూడాల్సింది వేరే: కొన్ని బోర్డుల్లో ఆ స్లాట్, ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకే లేన్లను పంచుకుంటాయి. ఎస్‌ఎస్‌డీ పెట్టగానే స్లాట్ మూగబోతుంది. బోర్డు మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది చదవకుండా కార్డు మీద నింద వేయకండి.

వరుస ఇది:

☐ ప్లగ్గు పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి
☐ కేబినెట్ లోహాన్ని ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ పోగొట్టుకోండి
☐ బలమైన కార్డు పై స్లాట్‌లో పెట్టి, దానికి ఒక్క మానిటర్ తగిలించి విండోస్ వచ్చేదాకా చూడండి
☐ షట్‌డౌన్ చేసి, ఆ కార్డు తీసి రెండో కార్డును అదే పై స్లాట్‌లో పెట్టి ఒంటరిగా చూడండి (మరీ పాత కార్డైతే ముందు 6వ భాగంలో సీఎస్‌ఎం సంగతి చదవండి)
☐ రెండూ ఒంటరిగా వచ్చాకే జోడీగా పెట్టండి

మూడు, నాలుగు మెట్లు ఎవరూ చేయరు. పావుగంట పని. కార్డు బాగుందా లేదా అన్న అనుమానం అక్కడితో తీరిపోతుంది.

ఎనుమాముల మార్కెట్ పక్కన ఒక అడ్తి దుకాణంలో జరిగింది చెప్తాను. ధరలకు ఒక తెర, కాటా లెక్కలకు ఒకటి, సీసీ కెమెరాలకు ఒకటి. కెమెరాల తెర వారానికోసారి ఆగిపోతోంది. డివైజ్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) రెండో కార్డు మీద పసుపు గుర్తు, కోడ్ 43, అంటే ఆ కార్డును విండోస్ ఆపేసింది. షావుకారు కొత్త కార్డు తెప్పించడానికి సిద్ధంగా ఉన్నాడు. కేబినెట్ మూత తీయగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఆపకుండా ఏడెనిమిది. ఫ్యాను రెక్కల మీద, స్లాట్ అంచుల్లో సన్నటి ఎర్ర పొడి. మిర్చి సీజన్ కదా. కార్డు తీసి, బంగారు రంగు పిన్నుల మీద పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్దితే రబ్బరు అంచు గులాబీ రంగులోకి తిరిగింది. స్లాట్‌ను బ్లోవర్‌తో ఊది, పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి పెట్టాను. కోడ్ 43 మళ్లీ కనిపించలేదు.

మీది మిర్చి కాకపోవచ్చు. జిన్నింగ్ మిల్లు పక్కనైతే దూది, రోడ్డు మీద దుకాణమైతే దుమ్ము. పొడి బట్టతో రుద్దకండి, పిన్నులను వేళ్లతో ముట్టుకోకండి.

రెండు కార్డుల మధ్య కనీసం ఒక స్లాట్ ఖాళీ ఉండాలి. పై కార్డు ఫ్యానుకు కింది కార్డు వీపు అడ్డమొస్తే, మే నెల మధ్యాహ్నం మన ఎండకు పైది ఉడికిపోతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం తెరలు నల్లబడుతున్నాయంటే ఇదే అనుమానించండి.

6. బయోస్‌లో మూడు చోట్ల చూడాలి

సిస్టమ్ ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కితే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగ్‌లు) వస్తుంది. అది ఒక్క తెర మీదే కనిపిస్తే కంగారు పడొద్దు. విండోస్ వచ్చేదాకా మిగతావి నల్లగా ఉండడం మామూలే.

ప్రాసెసర్ గ్రాఫిక్స్: కార్డు పెట్టగానే చాలా బోర్డులు దీన్ని తమంతట తామే ఆపేస్తాయి. ఆసుస్‌లో ఐజీపీయూ మల్టీ-మానిటర్, ఎంఎస్‌ఐలో ఐజీడీ మల్టీ-మానిటర్, గిగాబైట్‌లో ఇంటర్నల్ గ్రాఫిక్స్ అని ఉంటుంది. ఎనేబుల్ చేయండి.

మొదటి తెర ఏది: ప్రైమరీ డిస్‌ప్లే, ఇనీషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్ లాంటి పేర్లతో ఉంటుంది. పీఈజీ అంటే కార్డు, ఐజీడీ లేదా ఐజీఎఫ్‌ఎక్స్ అంటే ప్రాసెసర్ గ్రాఫిక్స్. బలమైన కార్డును ఎంచుకోండి.

సీఎస్‌ఎం: పాత పద్ధతిలో బూట్ కావడానికి ఉంచిన సెట్టింగ్ ఇది. మరీ పాత కార్డులకు కొత్త పద్ధతి, అంటే యూఈఎఫ్‌ఐ, తెలియదు. సీఎస్‌ఎం ఆఫ్‌లో ఉన్న కొత్త బోర్డులో అవి ఒంటరిగా ఉంటే తెర నల్లగానే ఉంటుంది. అవి రెండో కార్డుగా ఉన్నంతవరకు మొదటి తెర కొత్త కార్డు మీద రావాలి. సీఎస్‌ఎం ఊరికే మార్చొద్దు, విండోస్ బూట్ కాకుండా పోవచ్చు.

డివైజ్ మేనేజర్‌లో కోడ్ 12 కనిపిస్తే మాత్రం బయోస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్ ఎనేబుల్ చేయండి.

మార్చాక ఏ తెరా రాకపోతే ప్లగ్గు పీకి, బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. బయోస్ మొదటికొస్తుంది. మీ మార్పులన్నీ పోతాయి కాబట్టి ముందే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

7. డ్రైవర్: పాతది కడిగి, కొత్తది ఒక్కటే

ఒక డ్రైవర్ మీద ఇంకో డ్రైవర్ వేసుకుంటూ పోయిన సిస్టమ్‌లో ఏది ఎందుకు పనిచేస్తుందో దేవుడికే ఎరుక. ఒకసారి శుభ్రంగా కడగండి.

☐ మీ రెండు కార్డులకూ పనికొచ్చే డ్రైవర్‌ను కంపెనీ సైటు నుంచే దించుకుని పెట్టుకోండి
☐ డీడీయూ అనే డ్రైవర్ తొలగించే ప్రోగ్రామ్ కూడా దించుకోండి
☐ ఇంటర్నెట్ వైరు పీకేయండి, వైఫై ఆపేయండి
☐ షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి
☐ డీడీయూతో ఎన్విడియా, ఏఎండీ రెండూ తీసేయండి
☐ మామూలుగా తెరిచి, దించిన డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేయండి
☐ డివైజ్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద రెండు పేర్లూ పసుపు గుర్తు లేకుండా ఉన్నాయా చూడండి
☐ ఆ తర్వాతే ఇంటర్నెట్

ఇంటర్నెట్ ఎందుకు పీకాలంటే, మీరు ఒకటి తీసి ఇంకోటి వేసే సందులో విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను తెచ్చి పెట్టేస్తుంది. 580 దగ్గర ఆగాల్సిన జోడీ ఉన్నవాళ్లు ముఖ్యంగా జాగ్రత్త.

8. కేబుళ్లు, కన్వర్టర్లు

మానిటర్ ఏం చెబుతోందో ముందు చదవండి. "నో సిగ్నల్" అంటే దాని దాకా ఏమీ రావట్లేదు. "అవుట్ ఆఫ్ రేంజ్" లేదా "ఇన్‌పుట్ నాట్ సపోర్టెడ్" అంటే వస్తోంది, కాని తాను చూపించలేనంత రిజల్యూషనో రిఫ్రెష్ రేటో వస్తోంది. మొదటిది కేబుల్, పోర్టు, కార్డు సంగతి. రెండోది సెట్టింగ్ సంగతి. ఈ రెంటికీ ఒకే వైద్యం చేసేవాళ్లే ఎక్కువ.

నో సిగ్నల్ అయితే అదలాబదలీ పరీక్ష. బాగా వస్తున్న అ, రాని ఇ తీసుకోండి.

మొదట మానిటర్ వైపు కేబుళ్లు మాత్రమే మార్చుకోండి. ఇ ఇప్పుడు వస్తే మానిటర్ మంచిదే. తర్వాత కార్డు వైపు పోర్టులు మార్చండి. రోగం పోర్టుతో పాటు వెళ్తే పోర్టో కార్డో, కేబుల్‌తో పాటు వెళ్తే కేబుల్. మానిటర్ బటన్లలో ఇన్‌పుట్ సోర్స్ కూడా చూడండి. వీజీఏ మీద పెట్టి హెచ్‌డీఎంఐ కోసం ఎదురుచూసే మానిటర్లు నేను చాలా చూశాను.

కన్వర్టర్ల దగ్గర నేనూ డబ్బు పోగొట్టుకున్నా. కార్డు మీద హెచ్‌డీఎంఐ, మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్. "రెండు వైపులా పనిచేస్తది" అని దుకాణంలో ఇచ్చిన కేబుల్ తెచ్చుకుంటే ఒక్క చుక్క వెలుగు రాలేదు. మామూలు చౌక కేబుల్ డిస్‌ప్లేపోర్ట్ కార్డు నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కే పోతుంది. ఎదురు దిశకు యూఎస్‌బీ కరెంటు తీసుకునే యాక్టివ్ కన్వర్టర్ కావాలి.

వీజీఏకూ ఇదే గొడవ. డీవీఐ-డీ పోర్టులో వీజీఏ సంకేతం ఉండదు, ఉత్త పిన్ను మార్చే కన్వర్టర్ దానికి పనికిరాదు. డీవీఐలో అడ్డగీత చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలు ఉంటే వీజీఏ వస్తుంది, లేకపోతే రాదు.

4కే మానిటర్‌లో మౌస్ ఈడ్చుకుంటూ కదులుతోందా? హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కే 30 హెర్ట్జ్‌కే వస్తుంది. 60 కావాలంటే కార్డు, కేబుల్, మానిటర్ మూడూ హెచ్‌డీఎంఐ 2.0, లేదా డిస్‌ప్లేపోర్ట్ 1.2 ఉండాలి. పాత కార్డుకు 4కే మానిటర్ తగిలించకండి, దాన్ని కొత్త కార్డుకు మార్చండి.

డిస్‌ప్లేపోర్ట్ పిన్నుకు చిన్న నొక్కుడు ఉంటుంది. అది నొక్కకుండా లాగితే పోర్టే ఊడొస్తుంది.

9. విండోస్‌లో అమరిక

విండోస్ మీట, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. తెర నల్లబడిపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు పోవు.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే. ఐడెంటిఫై నొక్కితే ఒక్కో తెర మీద అంకె పడుతుంది. మీ కాయితం మీద అ, ఆ పక్కన ఆ అంకెలు రాసుకోండి. డబ్బాలను బల్ల మీద మానిటర్లు ఉన్నట్టే జరపండి, ఎత్తు తేడాతో సహా. మౌస్ ఒక మూలలో ఇరుక్కుపోయి పక్క తెరకు వెళ్లకపోవడానికి కారణం ఈ డబ్బాల అంచులు కలవకపోవడమే.

అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో ఒక్కో తెర ఏ కార్డుకు తగిలి ఉందో రాసి ఉంటుంది. కాయితంతో సరిచూడండి. ఎక్కువ పని చేసే తెర బలమైన కార్డు మీద ఉండాలి, దాన్నే మెయిన్ డిస్‌ప్లేగా పెట్టాలి.

10. అన్నీ వచ్చాయి, అయినా ఏదో తేడా

ఫొటోషాప్ నెమ్మదిగా ఉంది. రెండో కార్డు పెట్టినందుకు ఫొటోషాప్ వేగం పెరగదు, అది ఒక్క కార్డునే వాడుకుంటుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ కింద ఆ ప్రోగ్రామ్‌కు హై పెర్ఫార్మెన్స్ కార్డు కేటాయించి, దాని విండోను ఆ కార్డు తెర మీదే ఉంచండి. ఒక కార్డు గీసిన బొమ్మను రెండో కార్డు తెర మీదికి ఈడిస్తే, ప్రతి ఫ్రేమూ అటు కాపీ కావాలి. వీడియో తడబడేది అందుకే.

ఒకే ఫొటో రెండు తెరల మీద రెండు రకాలుగా ఉంది. ఆల్బమ్ చేసేవాళ్లకు ఇది ప్రాణసంకటం. ఒక తెర మీద పెళ్లికొడుకు నల్ల కోటు నల్లగా, పక్క తెర మీద బూడిద పూసినట్టు ఉంటుంది. మానిటర్ బ్రైట్‌నెస్‌తో కుస్తీ పట్టకముందు, ఆ కార్డు హెచ్‌డీఎంఐలో లిమిటెడ్ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా పూర్తిగా కాకుండా కుదించిన సంకేతం) పంపుతోందేమో చూడండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ కింద అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్‌ను ఫుల్ చేయాలి. ఏఎండీలో పిక్సెల్ ఫార్మాట్ దగ్గర ఆర్‌జీబీ ఫుల్. నలుపు నలుపుగా వచ్చాకే మిగతా రంగుల సంగతి.

టీవీని మానిటర్‌గా పెడితే అంచులు కోసుకుపోతున్నాయి. కార్డు తప్పు కాదు. టీవీ మెనూలో బొమ్మ సైజు దగ్గర జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటిది ఎంచుకోండి.

మానిటర్ ఆపి వేస్తే విండోలన్నీ ఒకచోట కుప్పపడుతున్నాయి. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ ఆఫ్ చేస్తే, పీకేశారని విండోస్ అనుకుంటుంది. విండోస్ 11లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల స్థానం గుర్తుంచుకోమనే గుర్తు ఉంది, టిక్ పెట్టండి.

పొద్దున ఆన్ చేస్తే ఒక తెర రాదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి నాలుగు రోజులు చూడండి.

11. ఇంత చేసినా రాకపోతే, అడిగే ముందు

ఎవరిని అడిగినా, "డిస్‌ప్లే వస్తలేదన్నా" అని ఒక్క ముక్క పంపితే ఆయన తిరిగి పది ప్రశ్నలు అడగాలి. ఇవి కలిపి పంపండి:

☐ మొదటి భాగంలో గీసిన కాయితం
☐ ఏ మెట్టు దాకా సరిగ్గా వచ్చింది
☐ ఒంటరిగా పెట్టినప్పుడు ఒక్కో కార్డు ఏం చేసింది
☐ డివైజ్ మేనేజర్‌లో ఉన్న కోడ్ నంబర్
☐ మానిటర్ మీద పడిన మాట, ఉన్నది ఉన్నట్టు

ఫొటో కూడా పెట్టండి. నల్ల తెరది కాదు, అది ఎవరింట్లోనైనా ఒకేలా ఉంటుంది. కేబినెట్ వెనక భాగానిది, కేబుళ్లన్నీ ఏ పోర్టులో ఉన్నాయో కనిపించేట్టు, టార్చి వేసి.